ఏడో గ్రీను మీద రెండు వేళ్ల వంపు

మొన్న కోర్సు క్యాంటీన్లో టీ తాగుతుంటే కొత్తగా చేరిన క్యాడీలు నలుగురు నా చుట్టూ చేరారు. "అన్నా, ఇన్నేండ్లల్ల నువ్వు ఎన్ని పట్‌లు పోగొట్టినవే?" అని ఒకడు అడిగాడు. మిగతా ముగ్గురూ పగలబడి నవ్వారు. క్యాడీ అంటే బ్యాగ్ మోసేవాడు, బంతి కొట్టేవాడు కాదు. కొట్టనివాడు ఎట్లా పోగొడతాడని వాళ్ల నవ్వు. నేనూ నవ్వాను. నా కుడి మోకాలు మాత్రం నవ్వలేదు. ఆ రోజు నాతో పాటు అక్కడే ఉంది కదా, దానికి అంతా గుర్తు.

ఒకటి పోగొట్టాను నాయనా. ఒక్కటే. మూడడుగుల దూరం. అది కొట్టింది నేను కాదు, పోగొట్టింది మాత్రం నేనే. ఇప్పుడు పని మానేశాను కాబట్టి, నా పేరు పాడైనా పోయేదేమీ లేదు కాబట్టి, రాసి పెడుతున్నాను.

శామీర్‌పేట చెరువు గాలి తగిలేంత దగ్గర్లో, మేడ్చల్ వెళ్లే దారికి కాస్త లోపలగా ఉన్న ఆ కోర్సులో ఇరవై రెండేళ్లు బ్యాగులు మోశాను. ఒక్కో బ్యాగు ఈనిన బర్రె అంత బరువు. నేను నడిచిన నడకంతా ఒకే దిక్కున నడిచి ఉంటే ఈపాటికి కాశీ దాటి, హిమాలయాలు దాటి, పాస్‌పోర్టు లేనందుకు చైనా జైల్లో ఉండేవాణ్ణి. యాభై ఒకటో ఏట మోకాలు ముందు రాజీనామా ఇచ్చింది, దాని వెనకాల నేనిచ్చాను.

గోల్ఫ్ తెలియని వాళ్ల కోసం ఒక్క ముక్క. బంతిని రెండొందల గజాల అవతలికి విసిరెయ్యడం పెద్ద గొప్పేమీ కాదు, పొద్దున్నే ఇంట్లో మాటపడ్డ ఎవడైనా విసిరేస్తాడు. చివర్లో క్యారం బోర్డులా నున్నగా కత్తిరించిన పచ్చిక ఉంటుంది, దాన్ని గ్రీన్ అంటారు. దాని మీద చిన్న చెంబు పట్టేంత గుంత. బంతిని మెల్లగా దొర్లించి ఆ గుంతలో వెయ్యాలి. ఆ దొర్లింపునే పట్ అంటారు. మూడడుగుల పట్ మా అవ్వ కూడా వేసేస్తుంది. కానీ 'అవ్వా, దీని మీద నీ ఏడాది కష్టం ఉంది, జాగ్రత్త' అని ఒక్క మాట చెప్పి చూడండి. అవ్వ చెయ్యి కూడా బిగుసుకుంటుంది. ఏటవాలు చూసి బంతి ఎటు వంగుతుందో ఆటగాడికి చెప్పడం క్యాడీ పని. లోకం మొత్తం మీద ఇతరుల చేత తప్పులు చేయించి జీతం తీసుకునే ఉద్యోగం ఇదొక్కటే అనుకుంటా.

మా ఏడో గ్రీను సంగతి వేరు.

మిగతా పదిహేడు గ్రీన్లూ గ్రీన్లే. ఏడోది మాత్రం మనల్ని చూస్తున్నట్టు ఉండేది. చలికాలం పొద్దున పచ్చిక మొత్తం మంచుతో తెల్లగా ఉంటుంది కదా, ఏడో గ్రీను నడుమ మాత్రం గుండ్రంగా ఒక జాగా పొడిగా, నల్లపచ్చగా ఉండేది. పెద్ద బండి చక్రాలు నాలుగు పరిస్తే ఎంత జాగా అవుతుందో అంత. ఎండాకాలంలో గుంతలోంచి బంతి తీద్దామని చెయ్యి పెడితే లోపల చల్లగా తగిలేది, ఎవరో అప్పుడే ఊపిరి వదిలినట్టు. నానిన వరిగడ్డి వాసన వచ్చేది. చుట్టుపక్కల రెండు మైళ్లలో వరి లేదు. కోర్సులో తిరిగే కుక్కలు పన్నెండు, పన్నెండూ ఆ గ్రీను చుట్టూ తిరిగి పోయేవి తప్ప అడ్డంగా దాటేవి కావు.

అక్కడ బంతులు పడేవి కావు. నేరుగా గుంత మీదికి వెళ్లిన బంతి ఆఖరి అడుగులో ఎవరో పిలిచినట్టు కుడివైపు తల తిప్పేది. రెండు వేళ్ల వెడల్పంత. అంతకు ఎక్కువ కాదు, తక్కువ కాదు. రిటైరైన పెద్ద ఆఫీసరొకాయన అక్కడ ఒకే పొద్దున నాలుగు పట్‌లు పోగొట్టుకొని, తన కర్రను వంచి సున్నా చుట్టి, మళ్లీ ఆ ఊరి పొలిమేరకు రాలేదు. మేనేజరు ఒక ఇంజనీరును పిలిపించాడు. అతను నేల మట్టం చూసే బుడగ గొట్టం పరికరం పెట్టి చూశాడు. బుడగ సరిగ్గా నడుమ నిలబడింది. 'ఏ వంపూ లేదండి' అని చెప్పి, తన మాట రుజువు చేద్దామని ఒక బంతి దొర్లించాడు. బంతి రెండు వేళ్లు కుడికి పోయింది. అతను పరికరం సర్దుకుని టీ కూడా తాగకుండా వెళ్లిపోయాడు.

ఇక్కడే నా వైభవం మొదలైంది. నేను మొదటి నుంచీ నా ఆటగాళ్లకు 'రెండు వేళ్లు ఎడమకు కొట్టండి సార్' అని చెప్పేవాణ్ణి. పడేది. ఏడోదాన్ని చదవగలిగే క్యాడీ లోకంలో ఒక్కడే ఉన్నాడని పేరొచ్చింది. నేను మోకాళ్ల మీద కూర్చుని, ఒక కన్ను మూసి, గడ్డి వాసన చూసి, దాన్ని చెవికి ఆనించి వింటున్నట్టు నటించి, అప్పుడు చెప్పేవాణ్ణి. బెంగళూరు నుంచి వచ్చినవాళ్లు కూడా నన్నే అడిగేవాళ్లు. ఎట్లా తెలుసన్నా అంటే, 'అది పుట్టుకతో రావాలె' అనేవాణ్ణి.

పుట్టుకతో కాదు. ఆ గ్రీను కింద ఏముందో నాకు తెలుసు. పెట్టింది నేనే.

కోర్సు రాకముందు ఆ నేల పొలం. సరిగ్గా ఆ జాగాలో బావి ఉండేది. నేను అప్పుడు గౌడవెల్లిలో ఒకాయన ట్రాక్టరు నడిపేవాణ్ణి. కోర్సు కట్టే కాంట్రాక్టరు నాకు బావి పూడ్చే పని ఇచ్చి, 'మట్టితోటే నింపు, పొర పొరకూ గట్టిగ తొక్కియ్యి' అన్నాడు. నాలుగు రోజుల పని. మొదటి రోజు సాయంత్రమే మా ఊళ్లో కబడ్డీ ఫైనల్. జట్టుకు నేనే కెప్టెన్‌ని. సరే, నిజం చెప్పాలంటే నేను పన్నెండో వాణ్ణి, నీళ్లబాటిళ్లు నా దగ్గర ఉండేవి. అయినా పోవాలి కదా. అందుకని పీకి పడేసిన తుమ్మకంప, నరికిన ఈతమొద్దులు, పక్కన పడి ఉన్న పాత గడ్డివాము మొత్తం లోపలికి తోసి, పైన ఒక్క నిలువు మట్టి పోసి చదును చేశాను. పైనుంచి చూస్తే చాప పరిచినట్టుంది.

అది కూడా పెద్ద తప్పు కాదు. పెద్దది వేరే.

ఆ పొలంలో పదేళ్లు జీతం ఉండి, ఆ బావి నీళ్లతో మడులు తడిపిన మనిషి ఒకాయన ఉండేవాడు. నేను కాకా అనేవాణ్ణి. పూడ్చే రోజు పొద్దున్నే వచ్చి నా చేతిలో ఒక కొబ్బరికాయ, కాగితంలో చుట్టిన బెల్లం ముక్క పెట్టాడు.

"కొడుకా, పూడ్చేది నువ్వు గనక నువ్వే కొట్టాలె. గంగమ్మకు ఒక్క మాట చెప్పు, తల్లీ, నీ నోరు మూస్తున్నం, ఏమనుకోకు అని. గది చెప్పకుంట పూడ్చొద్దురా."

"నువ్వే కొట్టరాదు కాకా?"

"నా బాయి పూడుస్తుంటె నేను సూడలేను" అని మొహం తిప్పుకుని వెళ్లిపోయాడు.

నేను కొబ్బరికాయను ట్రాక్టరు కొక్కేనికేసి కొట్టాను. నీళ్లు తాగాను. పొద్దున ఏమీ తినలేదు, ఎదురుగా బెల్లం. ఇంకేం చెప్పాలి? చిప్పలు రెండూ గోకి గోకి తిని, ఖాళీ చిప్పల్ని ఒకదాని వెనక ఒకటి బావిలోకి విసిరాను. ఒక్క మాటా చెప్పలేదు.

ఇక్కడ నేను పెంచి చెప్పడం లేదు, నమ్మండి. రెండు చిప్పలు విసిరాను. కింద నీళ్ల చప్పుడు ఒక్కసారే వినపడింది. రెండో చప్పుడు కోసం కాసేపు ఒంగి నిలబడ్డాను. రాలేదు. సాయంత్రం కబడ్డీకి ఆలస్యమవుతుందని ట్రాక్టరు స్టార్టు చేశాను.

తర్వాత ట్రాక్టరు యజమాని దాన్ని అమ్మేశాడు, నేను అదే కోర్సులో క్యాడీనయ్యాను. కాకా అక్కడే మాలి అయ్యాడు. రోజూ తెల్లవారుతుండగా పాత గుంత పూడ్చి, కట్టర్‌తో ఇంకో చోట కొత్త గుంత తియ్యడం ఆయన పని. ఇరవై రెండేళ్లు ఇద్దరం పొద్దున్నే ఎదురుపడ్డాం. కొబ్బరికాయ ఊసు ఆయన ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు.

ఇక ఆ అమ్మాయి సంగతి.

బౌరంపేట్ అమ్మాయి. ఇరవై ఆరేళ్లుంటాయి. వాళ్ల నాయిన ఒకప్పుడు పొలం చేసి, ఇప్పుడు వెంచర్లు వేసే మనిషి. బిడ్డ ఆట కోసం రోడ్డు పక్క నేల అమ్మాడు. బంతిని ఆమె కొడితే ఆకాశం కొంచెం పక్కకు జరిగేది. కానీ గ్రీను మీదికొచ్చాక చిన్న పట్‌లు పోయేవి. ముప్పై అడుగులది పడేది, మూడడుగులది పోయేది. ఏడాదంతా అట్లా పోగొట్టుకుంటూ వచ్చింది. వాళ్ల నాయిన ఆమెకు మాట చెప్పేశాడు: 'ఈ ఒక్క ఏడాది జూస్త బిడ్డా. పెద్ద పోటీలల్ల జాగా దొరికితె ఆడు. లేకుంటె ఆఫీసుల నా పక్కకు కుర్సీ ఏపిస్త.' ఆ జాగాకు ఆఖరి పోటీ మా కోర్సులోనే, మూడు రోజులది. ఆమె బ్యాగు నాది.

ప్రాక్టీసులో ఆమెను వారం రోజులు చూశాను. కర్ర పట్టుకోగానే ఊపిరి బిగపట్టేది. ఊపిరి బిగిస్తే భుజం బిగుస్తుంది, భుజం బిగుస్తే మణికట్టు వణుకుతుంది. మా ఇంటావిడ పిల్లలకు దవాఖానాలో సూది వేయించేటప్పుడు, సరిగ్గా సూది దిగే ముందు 'పొద్దుగాల ఏం తిన్నవ్ బిడ్డా?' అని అడిగేది. వాళ్లు 'ఉప్మా' అనే లోపల సూది అయిపోయేది. అదే పట్టుకున్నాను.

"చెల్లె, నువ్వు కర్ర ఆనించినంక నేను ఏం కూర అని అడుగుత. చెప్పుకుంట కొట్టు."

"ఏం కూరనా? గిదేందన్నా, ఆటనా, హోటలా?"

"అడిగినదానికి నిజం చెప్పు. అబద్ధం చెప్పాల్నంటె ఆలోచించాలె, ఆలోచిస్తె చెయ్యి బిగుస్తది. నిజమైతె ఊపిరితోటి అదే బయటికొస్తది."

"ఏం కూర?" "బీరకాయ." టక్. పడింది. "ఏం కూర?" "గా బీరకాయనే." టక్. "ఏం కూర?" "అన్నా, బీరకాయ ఎన్నిసార్లు తింటరు మనుషులు?" నవ్వుతూ కొట్టింది, అదీ పడింది. గుంతలో బంతి పడ్డప్పుడు వచ్చే ఆ టక్ శబ్దం ఉంది చూశారూ, ముప్పై మంది వయొలిన్లు వాయించినా అంత బాగుండదు.

పోటీ మొదటి రెండు రోజులూ చిన్న పట్ ఒక్కటీ పోలేదు. చింతకాయ తొక్కు, పచ్చిపులుసు, మెంతికూర, రాత్రి మిగిలిన చికెన్. ఆ అమ్మాయి ఇంటి వంటంతా నాకు కంఠతా వచ్చేసింది. పక్క క్యాడీలు మేం పిచ్చివాళ్లమనుకున్నారు.

మూడో రోజు పొద్దున వాన పడేట్టుంది, టైమ్ చాలదని ఆటగాళ్లందర్నీ ఒకేసారి వేర్వేరు గుంతల దగ్గర మొదలుపెట్టించారు. మాకు ఎనిమిదోది వచ్చింది. ఎనిమిది నుంచి మొదలుపెడితే చుట్టూ తిరిగొచ్చి ఆఖరుది ఏడే అవుతుంది. నాకు లోపల సంతోషమైంది. నా గ్రీను కదా.

ఎనిమిదికి వెళ్తూ ఏడోదాని పక్కనుంచే నడిచాం. చెరువు మీదినుంచి పొగమంచు నేలకు ఆనుకుని వస్తోంది. మంచు గ్రీను మొత్తం మీద సమంగా, తెల్లగా పరుచుకుని ఉంది. నడుమ ఆ పొడి జాగా లేదు.

ఇరవై రెండేళ్లలో ఆ జాగా లేకపోవడం నేను చూడలేదు. ఒక్క క్షణం ఆగాను. కుక్క ఒకటి ఆ గ్రీను మీద అడ్డంగా నడిచి పోయింది. మబ్బు పట్టింది కదా, అందుకని అట్లా ఉందని నాకు నేనే చెప్పుకుని ముందుకు నడిచాను. వినండి, మీకు ఎప్పుడైనా లోపల ఎవరో 'ఆగు' అన్నట్టనిపిస్తే, మబ్బు మీద నెపం వెయ్యకండి.

వానకు ఆగుతూ ఆగుతూ సాగినా పదిహేడు గుంతలు బ్రహ్మాండంగా ఆడింది. ఆఖరిదానికి వచ్చేసరికి లెక్క తేలిపోయింది: ఏడోది మామూలుగా ముగిస్తే జాగా ఖాయం, ఒక్క దెబ్బ ఎక్కువైతే లేదు. నేను చెట్ల చాటుకు వెళ్లొచ్చే లోపు ఆమె బంతిని గ్రీను మీదికి చేర్చే దెబ్బకు సిద్ధంగా నిలబడి ఉంది, ఏదో నములుతూ. పట్టించుకోలేదు. అప్పటికే గ్రీను చుట్టూ గొడుగులు చేరాయి. వాళ్ల నాయిన తెల్లచొక్కాలో, చెవి దగ్గర ఫోనుతో నిలబడ్డాడు, ఫోనులో మాట్లాడకుండా.

మొదటి పట్ పొడుగుది, మూడడుగుల దూరంలో ఆగింది. మిగిలింది ఆ మూడడుగులు.

నేను నా వేషమంతా వేశాను. మోకాళ్ల మీద కూర్చున్నాను, కన్ను మూశాను, గడ్డి వాసన చూశాను. వరిగడ్డి వాసన లేదు. వట్టి గడ్డి వాసన.

"అన్నా" అంది ఆమె మెల్లగా, "నాకు సీదా కనబడుతాంది."

"ఏడోదాన్ని నాకు చెప్తవా చెల్లె? రెండు వేళ్లు ఎడమకు."

"నిజంగ సీదా ఉన్నట్టుందే అన్నా."

"ఇరవై రెండేండ్ల సంది జూస్తున్న. రెండు వేళ్లు. కొట్టు."

ఆమె నా మొహంలోకి చూసింది. తల ఊపింది. కర్ర ఆనించింది. గొడుగుల మీద చినుకుల చప్పుడు కూడా ఆగినట్టయింది. కర్ర ఆనించాక క్యాడీ కదలకూడదు, ఆ ఒక్క ప్రశ్న తప్ప మాట్లాడకూడదు.

"ఏం కూర?" అన్నాను.

"కొబ్బెర, బెల్లం" అంటూ కొట్టింది.

ఆ రెండు మాటలూ కలిపి నేను ఏ మనిషి ముందూ అనలేదు. నోరు తెరిచాను, వద్దనడానికి. బంతి అప్పటికే కదిలింది. ఎంత శుభ్రంగా కొట్టిందంటే బంతి దారం మీద నడిచినట్టు నడిచింది. చెయ్యి వణకలేదు, భుజం కదలలేదు. నేను చెప్పిన చోటికే, రెండు వేళ్లు ఎడమకు, నేరుగా పోయింది. కుడికి వంగలేదు. గుంత పక్కనుంచి వెళ్లి, అంచుకు అంటకుండా ఆగిపోయింది.

ఆమె వెళ్లి ఆ జానెడు దూరం బంతిని గుంతలోకి తోసింది. వాళ్ల నాయిన ఫోను కిందికి దించాడు.

"చెయ్యి వణికినట్టుందన్నా" అంది నాతో. కళ్లలో నీళ్లు లేవు. "నాకు తెల్వకుంటనే వణికినట్టుంది. ఇగ గా చేతులతోటి ఆట కాదు. కుర్సీనే మంచిది."

చెప్పాల్సింది అప్పుడే. 'నీ చేతులు కాదు చెల్లె, నా నోరు' అని. నాలుగు మాటలు. గొడుగుల కింద ఇరవై మంది, అందరూ నన్ను ఏడో గ్రీను దేవుణ్ణి అనుకునేవాళ్లు. నేను బ్యాగు భుజానికెత్తుకుని తలొంచుకుని నడిచాను. ఆ బ్యాగు ఆ రోజున్నంత బరువు ఇంకెప్పుడూ లేదు, ఇది కూడా పెంచి చెప్పడం కాదు.

బ్యాగు కారు దగ్గర దింపి నేరుగా గడ్డికోత బండ్ల షెడ్డుకు పరుగెత్తాను. కాకా తన కట్టర్‌ను నూనెగుడ్డతో తుడుస్తున్నాడు. ఆ రోజుతో ఆయన పని ఆఖరు, నాకది గుర్తే లేదు.

"కాకా, ఏడోదాన్ని ఏం జేసినవ్?"

"ఏం జేస్త? గుంత తీసే ముందుగాల కొబ్బరికాయ కొట్టిన. రేపటి సంది రాను గద, చెప్పిపోవద్దా? చెప్పిన. ఇందాక గా పిల్ల ఎదురుపడ్డది, ప్రసాదం పెట్టిన."

"ఇన్నేండ్ల సంది ఎందుకు కొట్టలే మరి?"

ఆయన తుడవడం ఆపాడు. "నువ్వు కొడ్తవని జూసిన కొడుకా. గా దినం సాయంత్రం నువ్వు కబడ్డీ కాడికొచ్చినప్పుడు నీ మూతికి బెల్లం అంటుకోని ఉండె."

ఇరవై రెండేళ్లు రోజూ పొద్దున ఆ మూతినే చూస్తూ నాకు రామ్ రామ్ చెప్పాడు ఆ మనిషి.

"మరిప్పుడు పోయినట్టేనా కాకా, అది?"

"నా మాట నేను చెప్పుకున్న. అందరికి సీదా పోతది. నీ మాట నాకేం తెలుసు?" అని కట్టర్ గూటికి తగిలించి, చెప్పులేసుకుని, వెనక్కి చూడకుండా వెళ్లిపోయాడు.

నేను మళ్లీ పరుగెత్తాను. కారు డిక్కీలో బ్యాగు పడుకోబెట్టి మూత వెయ్యబోతున్నారు. నేను చెయ్యి అడ్డం పెట్టి పట్‌లు కొట్టే ఆ పొట్టి కర్రను లాగాను.

"ఇగ ఏం జూస్తరు? అయిపోయిందాయె" అన్నాడు వాళ్ల నాయిన.

"పది నిమిషాలు సార్. మీ బిడ్డ చేతులు జూపిస్త."

బహుమతుల సభ దగ్గర మైకు మోగుతోంది, ఏడో గ్రీను దగ్గర ఎవరూ లేరు. వాన వెలిసింది. నేను అదే చోట బంతి పెట్టాను. "సీదా కొట్టు. నేనేం చెప్ప."

టక్.

"మళ్ల."

టక్. పది బంతులు పెట్టాను. పదీ పడ్డాయి. ఏడో బంతికి వాళ్ల నాయిన ఫోను జేబులో పెట్టుకున్నాడు. పదోదానికి గొంతు సవరించుకుని, "మరి గప్పుడెందుకు పోయింది?" అన్నాడు.

"నేను తప్పు చెప్పిన సార్. ఆమె సీదా అన్నది. నేనే ఇన్లే. ఆమె చెయ్యి వణకలే, నా గొప్ప అడ్డమొచ్చింది."

అన్నాను. అనడం అంత కష్టం కాలేదు, ఆలస్యం కావడమే కష్టం. ఆయన నన్ను తిడతాడనుకున్నాను. బిడ్డ చేతుల్ని చాలాసేపు చూశాడు. "ఇంకో ఏడాది జూద్దం తియ్" అని, కారు తిప్పుకొస్తానని వెళ్లిపోయాడు.

ఆ తర్వాతి ఏడాది ఆమెకు జాగా వచ్చింది. ఇప్పుడు పెద్ద పోటీల్లో ఆడుతోంది. కొత్త క్యాడీకి కూడా 'ఏం కూర' నేర్పింది. అతను మలయాళీ, ఆ రెండు తెలుగు మాటలు తప్ప ఇంకేం రావు. ఇదంతా ముందే చెప్పేశాను, ఎందుకంటే ఇప్పుడు చెప్పబోయేది చెప్పాక ఇంకేమీ చెప్పబుద్ధి కాదు.

ఆయన వెళ్లాక గ్రీను మీద మేమిద్దరమే. పొద్దు దిగుతోంది. చెరువు వైపు నుంచి పొగమంచు మళ్లీ మొదలైంది. ఆమె కొంచెం నవ్వుతూ కర్ర నా చేతికిచ్చింది. "నువ్వొకటి కొట్టన్నా. ఇన్నేండ్లు మాకు చెప్తివి."

అదే చోటు. అదే మూడడుగులు. సీదా కొట్టాను. ఆఖరి అడుగులో బంతి రెండు వేళ్లు కుడికి పోయింది.

"చెయ్యి తిప్పినవ్ అన్నా."

మళ్లీ కొట్టాను. కుడికే. మూడోది. కుడికే. ఆమె నా పక్కనే ఒకటి కొట్టింది. టక్. నేను కొట్టాను. కుడికి. వరిగడ్డి వాసన రావడం మొదలైంది. నా మోకాలు అప్పుడే మొదటిసారి వణికింది. అప్పటినుంచి ఆగలేదు, డాక్టరు ఏ పేరు పెట్టుకున్నా సరే.

"అన్నా, ఊపిరి బిగబట్టినవ్ నువ్వు" అంది ఆమె. నవ్వు పోయింది ఆమె మొహంలో. నేను కర్ర ఆనించాను. నా వెనక నిలబడి, నేను అడిగే గొంతుతోనే అడిగింది.

"ఏం కూర?"

నిజమే చెప్పాలి కదా. నేను పెట్టిన నియమమే. "కొబ్బెర, బెల్లం" అన్నాను. "నీకిమ్మని ఇస్తె నేనే తిన్న. నీ నోరు మూసేటప్పుడు ఒక్క మాట చెప్పలే తల్లీ. ఏమనుకోకు."

ఊపిరి మొత్తం బయటికి పోయింది. దానితో పాటే చెయ్యి కదిలింది. బంతి బయల్దేరింది. ఆఖరి అడుగుకు వచ్చింది. కుడికి తిరగలేదు. నేరుగా వెళ్లి గుంతలో పడింది.

టక్ అనలేదు.

ఏమీ అనలేదు. ఇద్దరం అట్లాగే నిలబడ్డాం. ఆ గుంత లోతు నా అరచెయ్యంత, పొద్దున కాకా తీసిందే. మేం ఒక ఊపిరి తీసుకున్నాం, రెండు తీసుకున్నాం. అప్పుడు, ఎక్కడో చాలా కింద నుంచి, చిన్నగా, స్పష్టంగా, నీళ్లలో ఒక చిప్ప పడ్డ చప్పుడు వచ్చింది.

రెండో చప్పుడు.

"గుంతల జూడన్నా" అంది ఆమె, నా చొక్కా చెయ్యి పట్టుకుని.

"నువ్వు జూడు చెల్లె."

ఎవరమూ చూడలేదు. కారు హారన్ మోగింది. కర్ర అక్కడే వదిలేసి ఇద్దరం వెనక్కి వెనక్కి నడిచి ఆ గ్రీను దిగాం.